దిగినచోటే నిలబడు

జనవరి 9

అన్నయ్యకు,

ముందుగా దర్జీ గారికి ఒక మాట. బాబూ, ఈ ఉత్తరం మా అన్నయ్యకు చదివి వినిపించేటప్పుడు దయచేసి మిషను ఆపండి. పోయినసారి నేను రాసిన సగం సంగతులు ఆయన చెవిన పడలేదని ఆయన జవాబు చూశాకే తెలిసింది. కొలతలివ్వడానికి ఎవరైనా వచ్చి ఉంటే వాళ్లు వెళ్లేదాకా ఆగండి. మా ఇంటి గొడవలు విని వాళ్లు చేసేదేముంది?

అన్నయ్యా, ఇక నీతో. మన బతుకు చూడు ఎలా అయిందో. నాకా చెవులు పనిచెయ్యవు, నీకా నీటికాసులొచ్చి ఉన్న కాస్త చూపూ పోయింది. నువ్వు ఫోను చేస్తే నాకు వినపడదు, నేను ఉత్తరం రాస్తే నీకు కనపడదు. అన్నాచెల్లెళ్లిద్దరి మధ్య ఒక దర్జీ కావలసి వచ్చాడు. అయినా నీ టైపు ఉత్తరం చూసినప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది. బతుకంతా కోర్టులో టైపు కొట్టిన వేళ్లు, వాటికి కళ్లతో పనేమిటి?

దీంతోపాటు మా 'పలకరింపు' ఈ నెల సంచిక పంపుతున్నాను. మా ఊరి వికలాంగుల సంఘం పత్రిక అని చెప్పాను కదా. ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన దాన్నని సంపాదకత్వం నా మెడకు చుట్టారు. స్టెన్సిలని మైనం కాగితం ఉంటుంది, దాని మీద అక్షరాలు కొట్టి, సైక్లోస్టైల్ మిషను మీద కాపీలు తిప్పుతాం. చేతులకు నల్లరంగు, పేపరుకు నా వేలిముద్రలు. సంఘానికి ఇప్పుడు గడియారాలు బాగుచేసే ఆయన అధ్యక్షుడు. రెండు కాళ్లూ లేవు గానీ మనిషి నోరు విప్పితే హాలంతా నడుస్తుంది. చూపు కొత్తగా పోయినవాళ్లకు ఆదివారాలు తరగతి పెడుతున్నారు. కర్రతో నడవడం, చుక్కల అక్షరాలు చదవడం నేర్పుతారు. వచ్చి రెండు నెలలు నా దగ్గర ఉండు. ఆ గదిలో ఒక్కడివే గోడలు తడుముకుంటూ ఎంతకాలం ఉంటావు?

నీ జవాబు కోసం పోస్టుమాన్‌ని విసిగించబోతున్న
చెల్లెలు

జనవరి 25

పిచ్చికకు,

ఉత్తరం అందింది. దర్జీ మిషను ఆపాడు. దుకాణంలో ఉన్నవాళ్లను మాత్రం పంపలేదు. నీ ఉత్తరం దాకా బాగానే గడిచింది. తర్వాత నీ పేపరు తీశాడు. నేనే చదవమన్నాను, చెల్లెలి పేపరు కదా అని గొప్పగా.

రెండో పేజీలో కింద వేశావే, 'మన సంపాదకురాలి అన్నగారు ఇటీవల పూర్తిగా చూపు కోల్పోయారు, అయినా గుండెనిబ్బరంతో ఉన్నారు' అని, అది కూడా చదివాడు. ఒకాయన లేచి వచ్చి నా భుజం తట్టాడు. ఎవరో కూడా నాకు తెలియదు. మెట్లెక్కి గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను.

నన్ను అడగకుండా నా సంగతి ఎలా వేశావు? పైగా అబద్ధం. నాకు నిబ్బరం ఉందని నీకెవరు చెప్పారు? పొద్దున్నే లేచి కళ్లు తెరిచానో లేదో తెలియక వేలితో రెప్ప ముట్టుకుని చూసుకునేవాడికి నిబ్బరమేమిటి? నీ పేపరంతా అంతే. ఒకామె కాళ్లతో బొమ్మలేసింది, ఇంకొకాయన చేతుల్లేకుండా పరీక్ష రాశాడు. మీ సంఘంలో ఏడ్చేవాడు ఒక్కడూ లేడా? ఉంటే వాడి సంగతి వెయ్యి, చదివించుకుంటాను.

తరగతికి రాను. నన్ను ఆ గుంపులో కలపకు. చిన్నప్పటినుంచీ నీ చెయ్యి పట్టుకుని నడిపించినవాణ్ణి, ఇప్పుడు నీ చెయ్యి పట్టుకుని వచ్చి వాళ్ల మధ్య కూర్చోలేను. ఇది గర్వమంటే గర్వమే అనుకో.

దర్జీ ఈ ఉత్తరం చూసి రెండు తప్పులు దిద్దించాడు. కోపం తగ్గించి రాయమని కూడా అన్నాడు గానీ అది నేను ఒప్పుకోలేదు.

అన్నయ్య

ఫిబ్రవరి 6

అన్నయ్యా,

నువ్వు తిట్టింది సబబే. అడగకుండా వెయ్యడం తప్పు. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు పేపరు పని ముట్టుకోబుద్ధి కాలేదు. నిబ్బరమని ఎందుకు రాశానంటే, అలా రాస్తే నాకు ధైర్యంగా ఉంటుందని. నువ్వు చీకట్లో కూర్చుని ఉన్నావన్న సంగతి నేను ఒక వాక్యంగా రాయలేకపోయాను.

కానీ నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? బళ్లో పిల్లలు నన్ను చూసి నవ్వితే, ఏమన్నారు అన్నయ్యా అని అడిగేదాన్ని. 'నీ జడ బాగుందన్నారు' అని పలక మీద రాసి చూపించేవాడివి. ప్రపంచమంతా పనులు మానుకుని నా జడ గురించే మాట్లాడుకుంటోందని నేను చాలాకాలం నమ్మాను. తర్వాత పెదవులు చూసి మాటలు పట్టడం నేర్చుకున్నాక తెలిసింది వాళ్లేమనేవారో. నీమీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది. వార్తలో మంచి ముక్కే ఏరి చెప్పడం నేను నీ దగ్గరే నేర్చుకున్నాను.

సరే, నువ్వే రాయి. ఏడ్చేవాడి సంగతి వెయ్యమన్నావు కదా, నీ సంగతి నువ్వే రాయి. ఒక పేజీ నీది. గడియారాల ఆయన్ను అడిగాను. 'ఎవరైనా ఒకరు నిజం రాస్తే నేనూ హాయిగా ఏడుస్తానమ్మా, అధ్యక్షుణ్ణని ఆపుకుంటున్నాను' అన్నాడు. స్టెన్సిల్ కాగితాలు పంపుతున్నాను. నువ్వే కొట్టి పంపితే నేను చూడకుండా, దిద్దకుండా అలాగే మిషను మీద వేస్తాను.

నా చిరునామా రాసి స్టాంపులు అంటించిన కవర్లు కూడా పెట్టాను. నాకు రాసే ఉత్తరాలు ఇకమీదట దర్జీ గారికి చూపించకు. దర్జీ గారూ, ఏమీ అనుకోకండి. మీ చదువు మంచిదే, కానీ మా అన్నయ్య తప్పులు నాకు కావాలి. ప్రూఫులు దిద్దే చేతులు ఖాళీగా ఉన్నాయి. నువ్వు కొట్టి, నువ్వే మడిచి, నువ్వే అంటించి, సందు చివర డబ్బాలో నువ్వే వెయ్యి. మన మధ్య ఒక వైపైనా ఎవరూ లేకుండా ఉండనీ.

తిట్లు తిన్న
నీ పిచ్చిక

మార్చి 14

పిచ్చికకు,

ఇది ఎవరికీ చూపించని ఉత్తరం. తప్పులుంటే నీ అదృష్టం.

డబ్బా దాకా నేనే వెళ్తాను. గోడ పట్టుకుని వెళ్తే సందులో మూడు గుమ్మాల తర్వాత కొళాయి చప్పుడు, అది దాటితే డబ్బా. నిన్న ఊరికే వెళ్లి చూసుకుని వచ్చాను. వచ్చాక తెలిసింది, ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి దర్జీది. ఆయన పాపం మిగిలిన జతతోనే సాయంత్రం దాకా దుకాణంలో తిరిగాడు, నాకు చెప్పలేదు.

రాద్దామని కూర్చుంటే ఏడుపు సంగతి కంటే కోపం సంగతులే ముందొచ్చాయి. టీ కొట్టతను నా పక్కనే నిలబడి 'పెద్దాయనకు పంచదార వెయ్యనా?' అని దర్జీని అడుగుతాడు. నాకు చూపు పోయింది గానీ నాలుక పోలేదు. డాక్టరూ అంతే, నా కంట్లో లైటు వేసి, ఎలా ఉందని పక్కవాణ్ణి అడుగుతాడు. అదే రాయబోతున్నాను. చివర్లో మీ వదిన సంగతి వచ్చింది. ఆవిడ పోయినప్పుడు ముఖం గుర్తుండిపోతుందనుకున్నాను. ఇప్పుడు ఫొటో చూసుకునే దారి లేక, రోజూ కొంచెం కొంచెం చెరిగిపోతోంది. అది కూడా రాస్తాను. వేస్తావో తీసేస్తావో నీ ఇష్టం.

ముందు ఈ ఉత్తరం ముగించి, తర్వాత స్టెన్సిల్ ఎక్కిస్తాను. మిషను పక్కనున్న మీట తెల్ల గుర్తు దగ్గరికి తిప్పితే రిబ్బను తప్పుకుంటుంది, ఉత్త అచ్చులే మైనం మీద పడి కోస్తాయి. వేలికి ఆ మీట తగలగానే కోర్టు గది వాసన వచ్చినట్టయింది. చాలా రోజుల తర్వాత నాకు ఒక పని ఉంది.

అన్నయ్య

ఏప్రిల్ 18

అన్నయ్యా,

నీ పేజీ వేశాం. ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

ఆదివారం హాల్లో పేపరు బయటికి చదువుతారు, చూపులేనివాళ్ల కోసం. నేను చదివేవాళ్ల పెదవులకంటే వినేవాళ్ల ముఖాలు చూస్తూ కూర్చుంటాను. పంచదార దగ్గర అందరూ నవ్వారు. వదిన దగ్గరికొచ్చేసరికి కుర్చీలు అల్లే ఆయన, పుట్టుగుడ్డి, తల వంచుకున్నాడు. తర్వాత నా చేతిలో వేలితో రాశాడు, 'ఈయన్ను తీసుకురా' అని. చెవుల్లేని దానికి కళ్లులేనివాడు చెప్పాలంటే అదే మా ఫోను. గడియారాల ఆయన అన్నమాట ప్రకారం ఏడ్చాడు.

మే పదకొండు ఆదివారం మా సంఘం వార్షిక సమావేశం. నువ్వు నాలుగు మాటలు మాట్లాడాలని వాళ్ల కోరిక. నా కోరిక అంతకంటే పెద్దది. ఆ సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి, తరగతి అయ్యేదాకా నిన్ను తిరిగి పంపకూడదని.

వస్తే మొదటి బస్సుకు రా. వస్తున్నావో లేదో ఒక్క ముక్క రాయి. ఆ రోజు హాలు పనంతా నా నెత్తినే ఉంటుంది, నీ ఉత్తరం వస్తేనే ఎవరికైనా అప్పజెప్పి బస్టాండుకు రాగలను. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకో. నువ్వు కేకేస్తే నాకు వినపడదు, నేను చెయ్యి ఊపితే నీకు కనపడదు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం తిరిగితే ఆ బస్టాండులో తెల్లారిపోతుంది. అందుకని దిగినచోటే నిలబడు. ఎవరేం చెప్పినా కదలకు. నేనే వచ్చి నీ చెయ్యి పట్టుకుంటాను.

దర్జీ గారూ, ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఆశతో
నీ పిచ్చిక

మే 5

అన్నయ్యా,

నీ తెల్లకాగితం అందింది.

మొదట పొరపాటనుకున్నాను. కవరు దులిపి చూశాను, ఇంకేమీ లేదు. నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం. చుట్టూ తిప్పి చూశాను. తర్వాత అర్థమైంది. రానని రాయడానికి కూడా నీకు మనసు రాలేదు, లేదా రాయడం కూడా దండగనుకున్నావు.

నీ పేజీ వెయ్యడం నీకు నచ్చలేదా? నువ్వే పంపావు కదా. వదిన సంగతి అందరిముందూ చదివించానని బాధపడ్డావా? అయితే తిట్టు. జనవరిలో ఎంత బాగా తిట్టావు. తిట్టినవాడు మనవాడు. తెల్లకాగితం పంపినవాణ్ణి నేనేమనుకోవాలి? చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టు అంటారు, అది నాకు అలవాటే. శంఖం ఊదకుండా చూపించి వెళ్లిపోవడం ఇదే మొదటిసారి.

బతిమాలను. సమావేశం పనులు చాలా ఉన్నాయి.

చెల్లెలు

మే 24

అన్నయ్యకు,

దర్జీ గారూ, మీరు ఊరినుంచి ఎప్పుడొచ్చారో తెలియదు. వచ్చిన వెంటనే ముందు ఈ ఉత్తరం చదవండి. మే అయిదో తేదీ ఉత్తరం ఇంకా చదవకపోయి ఉంటే అది చింపేయండి.

అన్నయ్యా, నీ రెండో ఉత్తరం వచ్చింది. అదీ తెల్లకాగితమే. కోపంతో నలపబోయాను. అరచేతికి గరుగ్గా తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు ఏటవాలుగా పట్టాను. కాగితం నిండా గుంటలు. అక్షరం అక్షరం నొక్కుకుని ఉంది, రంగు మాత్రం లేదు. స్టెన్సిల్ కొట్టాక మీట తిప్పడం మరిచిపోయావు అన్నయ్యా. రిబ్బను తప్పుకునే ఉంది. నువ్వు ఉత్త అచ్చులతో కొట్టావు. నెలనెలా స్టెన్సిళ్లతో చేతులు నల్లచేసుకునేదాన్ని, నాకు ఆ మొదటి కాగితం చూడగానే తట్టాలి. తట్టలేదు.

నీ మాటలు నీకే తిరిగి రాస్తున్నాను, సరిగ్గా చదివానో లేదో చెప్పు.

'పిచ్చికా, నేను వచ్చాను. కండక్టరు చెయ్యి పట్టుకుని దింపాడు. నువ్వు చెప్పినట్టు దిగినచోటే నిలబడ్డాను. బస్సు వచ్చినప్పుడల్లా పక్కకు జరగమని అరిచేవారు, ఒక అడుగు జరిగి మళ్లీ అక్కడికే వచ్చేవాణ్ణి. మధ్యాహ్నం పళ్ల బండామె స్టూలు ఇచ్చింది. మైకులో పిలిపిస్తానని బస్టాండు ఆయన పేరడిగాడు. మా చెల్లెలికి వినపడదు బాబూ అన్నాను. ఆయనా నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఎక్కడికెళ్లాలో చెబితే దింపుతానని బండివాడొకడు అన్నాడు. వెళ్లిపోదామనే అనిపించింది. కానీ నేను వెళ్లాక నువ్వొస్తే, నేను కనపడక ఆ బస్టాండంతా పరుగెత్తుతావు. వెనక్కొచ్చే బస్సు హారను నీకు వినపడదు. అందుకే కదల్లేదు. సాయంత్రం చివరి బస్సుకు కండక్టరు అతనే, ఎక్కించుకున్నాడు. దర్జీ ఊరెళ్లాడు, నీ దగ్గర్నుంచి ఏమైనా వచ్చి ఉన్నా చదివేవాళ్లు లేరు. దూరం నుంచి నన్ను చూసి వెళ్లిపోయావా? చొక్కా మీద ఏమైనా పడిందేమో. నలుగురి ముందుకు తీసుకెళ్లేలా లేననుకున్నావేమో. అదైనా రాయి.'

ఇదీ నేను చదివింది.

అన్నయ్యా, నేను రాలేదు, చూడలేదు, చూసి వెళ్లిపోలేదు. నువ్వు వస్తున్నావని నాకు తెలియదు. ఆ ఒక్క మాట నమ్ము.

ఇంకా చెప్పాల్సింది ఉంది. చెప్పకుండా ఉంటే నీకు బాధ తక్కువవుతుంది. కానీ నీకు ఏరిన వార్తలు ఇక చెప్పను. నీ మొదటి కాగితం నేను పారెయ్యలేదు. ప్రెస్సు బుద్ధి, తెల్లకాగితం వృథా చెయ్యబుద్ధి కాదు. సమావేశం రోజు ఏ వేళకు ఏమిటో దాని మీద పెద్దక్షరాలతో రాసి హాలు తలుపుకు అంటించాను. ఇది చదివాక హాలుకు పరుగెత్తాను. ఇంకా అంటించే ఉంది. నా సిరా గీతల మధ్య నీ గుంటలు కనిపించాయి. 'వస్తున్నాను. మొదటి బస్సు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను. చెయ్యి పట్టుకోవడానికి నువ్వే రా, ఎవర్నీ పంపకు' అని ఉంది.

ఆ రోజు పొద్దున ఆ తలుపు దగ్గరే నిలబడి అందరినీ లోపలికి పిలిచాను. నువ్వు రాలేదని లోపల ఉడుకుతూ.

జూన్ ఎనిమిది ఆదివారం నేనే వస్తున్నాను. నిన్ను తీసుకెళ్తాను. కుర్చీలాయన రోజూ అడుగుతున్నాడు, ఏమని చెప్పను?

నీ చెల్లెలు

జూన్ 2

పిచ్చికకు,

దర్జీ ముందు కొత్త ఉత్తరమే చదివాడు. పాతది చింపమన్నావని చెప్పాడు, వద్దని అదీ చదివించుకున్నాను. నీ కోపం నాకు కావాలి. కూతురి కానుపుకని తను ఊరెళ్లకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదని నొచ్చుకుంటున్నాడు. మనవరాలు పుట్టిందట, బాగుందట. ఆ సంతోషం నేను చెడగొట్టాను.

నువ్వు చదివింది సరిగ్గానే ఉంది. ఒక్క అక్షరం పోలేదు. నిన్ను నమ్మాను. నమ్మకపోతే నాకు ఇంకేముంది? తప్పు నీది కాదు. కోర్టులో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు కూడా మొదటి లైనులోనే చూసుకుని మీట తిప్పేస్తాడు. నేను రెండు ఉత్తరాలు కొట్టి, మడిచి, డబ్బాలో వేసి, ఇంకొకరి సాయం లేకుండా చేశానని లోలోపల మురిసిపోయాను.

నువ్వు రా. వచ్చి నాలుగు రోజులుండు. కానీ నన్ను తీసుకెళ్లడానికి రాకు. అలిగానని కాదు. ఆ రోజు మీ వాళ్లకు చెప్పడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. బస్సులో దారంతా నాలో నేను అనుకుంటూ వచ్చాను, బాగా కుదిరాయి. తిరుగు బస్సులో వెతుక్కుంటే ఒక్కటీ లేదు. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు జనం నన్ను చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. అంతసేపు అలా ఉన్నాక, మళ్లీ గుమ్మం దాటాలంటే కాళ్లు రావడం లేదు. డబ్బా దాకా కూడా ఇప్పుడు దర్జీయే వెళ్తున్నాడు. కుర్చీలాయనకు నిజమే చెప్పు. మొదటిసారి వచ్చాడు, రెండోసారి రాలేకపోయాడు అని.

నా పేజీ ఇంకొకరికి ఇవ్వు. పేపరు కూడా కొన్నాళ్లు పంపకు. దుకాణంలో అందరి మధ్య అది వింటుంటే, వెళ్లాల్సిన చోట నా కుర్చీ ఖాళీగా ఉన్నట్టుంటుంది. ఉత్తరాలు మాత్రం మానకు.

ఈ ఉత్తరం కొట్టాక దర్జీకి ఇచ్చాను. అక్షరాలు పడ్డాయని చెప్పాడు. ఒక్కసారి చెబితే నమ్మబుద్ధి కాలేదు, మొదటినుంచీ చదివించుకున్నాను. ఇకమీదట అన్నీ ఇలాగే ఆయనకు చూపించి పంపుతాను. అందుకని నీకు చెప్పాలనుకున్నవి కొన్ని ఇందులో రాయలేదు.

అన్నయ్య